డప్పు కాపుకునే జాగ ఏది?

హన్మకొండ బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం మొత్తానికి తెరుచుకున్నది. 2014 సెప్టెంబర్ 9న, కాళోజీ నారాయణరావు శతజయంతి నాడు, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దానికి పునాది రాయి వేసిండ్రు. 2024 నవంబర్ 19న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించిండ్రు. రాయి పడ్డ యేడు ఒకటో తరగతిలో చేరిన పిల్లగాడు, తలుపు తెరిచేనాటికి పదో తరగతి దాటి ఇంటర్‌ల కూసున్నడు. నేను పంతులును కాబట్టి కాలాన్ని ఇట్లనే లెక్కపెడత.

పదకొండు వందల మందికి పైగా కూర్చునే హాలు. చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, పెద్ద వేదిక, లైట్లు, సౌండు. వరంగల్ వంటి నగరానికి ఇది ఎప్పుడో రావాల్సింది. ఇన్నేండ్లు నాటకమైనా సభయినా హైదరాబాద్ దిక్కే చూసినం. కాళోజీ పుట్టుకకు మన వాడల మనిషి కాకపోయినా పలుకుకు మనోడు. ఊరోని మాటకు కాగితం మీద కుర్చీ వేసినోడు. ఆయన పుట్టినరోజునే తెలంగాణ భాషా దినోత్సవం చేసుకుంటున్నం. అట్లాంటి మనిషి పేరు మీద హాలు కట్టినందుకు నాకు సంతోషమే. నా బడి పిల్లలు అందులో కూసొని నాటకం చూడాలని నాకూ ఉన్నది. దాన్ని వెక్కిరించడానికి ఈ నాలుగు ముక్కలు రాస్తలేను.

అయితే అన్నలారా, అక్కలారా, ఒక ప్రశ్న ఉన్నది. చిన్న ప్రశ్న. కళాక్షేత్రమైనా, రవీంద్రభారతి అయినా, రేపు ఏ జిల్లా కేంద్రంలో కట్టబోయే హాలయినా, ప్రతి హాలును అడగాల్సిన ప్రశ్న. ఆ హాలులో డప్పు కాపుకునే జాగ ఏది?

నవ్వకండ్రి. డప్పు కొట్టెటోనికి ఇది నవ్వులాట కాదు. డప్పు తోలుతోటి చేసింది. చలి తగిలితే, తేమ తగిలితే తోలు సడలుతది. సడలిన డప్పు ‘బొద్దు బొద్దు’ అంటది తప్ప పలుకదు. అందుకే ఆటకు ముందు ఇంత గడ్డి, ఇన్ని పుల్లలు వేసి మంట పెట్టి, డప్పును మంటకు చూపించి, వేలుతోటి కొట్టి చూసి, మళ్ల చూపించి, తోలు బిగుసుకొని ‘ఖంగు’మన్నంక బుజానికి వేసుకుంటరు. మధ్యల ఒకటి రెండుసార్లు మళ్ల కాపాలె. వీణకు తీగె బిగించుడు ఎట్లనో, మృదంగానికి శృతి చేసుడు ఎట్లనో, డప్పుకు మంట అట్ల. వీణ శృతి చేసుకునేటోనికి హాలు వెనుక గ్రీన్‌రూం ఉన్నది, అద్దం ఉన్నది, కుర్చీ ఉన్నది. డప్పు శృతి చేసుకునేటోనికి?

ఒక ఏసీ హాలుల మా అనుభవం

కొన్నేండ్ల కింద మా బడి పిల్లలను, మా వాడ డప్పు దళాన్ని తీసుకొని ఒక పట్నంల ఏసీ హాలుకు పోయిన. హాలు పేరు చెప్పను. చెప్తే తప్పు ఆ ఒక్క హాలుదే అనుకుంటరు. దళానికి పెద్ద మా పెద్దబాపు. అరవై దాటిన మనిషి. నాకు పలక బలపం కొనిచ్చిన మనిషి. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేను. ఆ డిగ్రీ ఫీజుల ఆయన డప్పు పైసలు కూడా ఉన్నయి.

మాకు ఇచ్చిన సమయం పన్నెండు నిమిషాలు. లోపల చలికి పిల్లలు చేతులు కట్టుకొని కూసున్నరు. మా వంతుకు ముందు పెద్దబాపు డప్పు మీద వేలు వేసి చూసి, “సడలింది రా, కాపాలె” అని వెనుక తలుపు తీసుకొని బయటికి పోయిండు. హాలు వెనుక గోడ పొంటి నాలుగు అట్టముక్కలు ఏరి మంట పెట్టిండు. అగ్గిపుల్ల గీసిండో లేదో, కావలాయన ఉరికొచ్చిండు. “ఏయ్ పెద్దమనిషీ, ఇది మీ వాడ అనుకున్నవా? బంద్ చెయ్” అని కాలుతోటి మంటను తన్నిండు. డప్పు మీద బూడిద పడ్డది.

నేను పోయి నిర్వాహకులను అడిగిన. వాళ్లు మంచిగనే మాట్లాడిండ్రు. “ఫైర్ సేఫ్టీ రూల్స్ సార్, మేమేం చేయలేం, కొంచెం అడ్జస్టు చేసుకోండి” అన్నరు. నేనూ పెద్దబాపు దగ్గరికి వచ్చి అదే మాట అన్న. “పెద్దబాపూ, ఈ ఒక్కసారికి అట్లనే కొట్టుండ్రి. మైకు ఉన్నది కదా” అన్న. అది నేను చేసిన తప్పు. ఇయ్యాల ఒప్పుకుంటున్న.

ఆయన నా దిక్కు చూసి, “సారూ” అన్నడు. ఎప్పుడూ నన్ను బిడ్డా అనే మనిషి ఆరోజు సారూ అన్నడు. “సారూ, కాపని డప్పు కొట్టుడంటే సచ్చిన పశువును మళ్ల కొట్టుడే. నాతోని కాదు” అని డప్పు సంచిల పెట్టుకొని బస్టాండ్ దిక్కు నడిచిండు. పిల్లలు సడలిన డప్పులతోటే పన్నెండు నిమిషాలు ఆడిండ్రు. జనం చప్పట్లు కొట్టిండ్రు. నాకు మాత్రం ఆ చప్పట్లు చెవులకు ఎక్కలేదు.

నిప్పు ఎవరిది?

ఇంటికి వచ్చినంక నాకు ఒక సంగతి యాదికొచ్చింది. ఆ రోజు సభ ఎట్ల మొదలైంది? జ్యోతి ప్రజ్వలనతోటి. వేదిక మీద, పరదాల నడుమ, ఇత్తడి దీపపు సెమ్మె నిలబెట్టి, నూనె పోసి, వత్తులు పెట్టి, అగ్గిపుల్ల గీసి ముట్టించిండ్రు. ఒక్క వత్తి కాదు, అయిదు వత్తులు. పక్కనే గుడ్డ పరదా. అప్పుడు ఫైర్ సేఫ్టీ యాదికి రాలేదు. హాలు లోపల వేదిక మీద మండే నిప్పు సంప్రదాయం. హాలు బయట ఆరుబయట మండే నిప్పు ప్రమాదం. క్యాంటీన్ల గ్యాసు పొయ్యి మీద చాయ్ మరుగుతనే ఉన్నది. అది అవసరం. డప్పుకు పెట్టే మంట మాత్రం అనాగరికం.

నిప్పును వద్దంటలేరు. ఎవరి చేతిల నిప్పు అనేదే చూస్తున్నరు.

రూల్స్ వద్దని నేను అంటలేను. హాలు తగలబడితే మొదట చచ్చేది లోపల ఊడ్చేటోళ్లు, కావలి ఉండేటోళ్లు, వాళ్లలో మనోళ్లే ఎక్కువ. ఢిల్లీల ఉపహార్ సినిమా హాలుల 1997 జూన్ 13న మంటలు లేచి 59 మంది చనిపోయిండ్రు. పొగకు ఊపిరాడక, బయటికి దారి దొరకక చనిపోయిండ్రు. రూలు ఉండాల్సిందే. అయితే రూలు ఉన్నచోట ఏర్పాటు కూడా ఉండాలె కదా. వంటగదికి ఏర్పాటు చేసినోళ్లు, జనరేటర్‌కు గది కట్టినోళ్లు, హాలుకు ఇరవై గజాల దూరంల నాలుగు ఇటుకలతోటి ఒక పొయ్యి, పక్కన ఇసుక బకెట్, ఒక నీళ్ల నల్లా పెట్టలేరా? కోట్లు పెట్టి కట్టే భవనంల ఇది ఎంత ఖర్చు? ఖర్చు సంగతి కానే కాదు. ప్లాను గీసే బల్ల చుట్టూ డప్పు కొట్టే మనిషి ఒక్కడు కూడా లేకపోవడమే అసలు సంగతి.

గది ఎవరి కొలతకు కట్టిండ్రు?

ఇంజనీరు చెడ్డవాడని నేను అనను. ఆయనకు తెలిసిన నాటకం కొలతకు ఆయన హాలు కడతడు. ఒక దిక్కు ఎత్తు వేదిక, దానికి పటం కట్టినట్టు చట్రం, పరదా, రెండు దిక్కుల వింగులు, ఎదురుగ వరుస కుర్చీలు, లైట్లు ఆర్పితే చూసేటోడు చీకట్ల, ఆడేటోడు వెలుగుల. ఈ పద్ధతి మన ఊర్లల పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషోళ్ల వెంట, పార్సీ నాటక కంపెనీల వెంట మన దిక్కు వచ్చింది. పరాయిదని వద్దనక్కర లేదు. రైలు కూడా పరాయిదే. రైలుల మనం అందరి పక్కన కూసున్నం.

కాని మన ఆటలకు వేరే కొలత ఉన్నది. చిందు భాగోతం చూడండ్రి. మాదిగ వాడ నడుమ నేల మీద ఆట. జనం మూడు దిక్కుల, నాలుగు దిక్కుల కూసుంటరు. వేషం కట్టినోడు జనం నడుమ నుంచే వస్తడు. చూసేటోడు నడుమల మాట అందిస్తడు, ఆడేటోడు జవాబు ఇస్తడు. పొద్దుగూకినంక మొదలైతే కోడి కూసేదాక. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆడమనిషయి ఉండి మొగ వేషాలు కట్టి ఊర్లకు ఊర్లను కూసోబెట్టింది. 2005లో ఆ తల్లి పోయేదాక ఆమెకు ఏ పరదా అవసరం పడలేదు. డక్కలోళ్లు జాంబ పురాణం చెప్తే వినెటోళ్లే ఊకొట్టాలె. ఈ ఆటలను ఎత్తు వేదిక మీదికి ఎక్కించి, మూడు గంటల బుకింగ్‌ల పన్నెండు నిమిషాలు ఇచ్చి, జనాన్ని చీకట్ల కూసోబెట్టి మాట్లాడొద్దు అంటే ఏమైతది? ఆట పోయి నమూనా మిగులుతది. మ్యూజియంల పెట్టిన నాగలి వంటిది. చూడను అక్కరకొస్తది, దున్నను రాదు.

హైదరాబాద్‌ల రవీంద్రభారతి 1961లో వచ్చింది. మహమ్మద్ ఫయాజుద్దీన్ గీసిన భవనం అది. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి కాలంలో దేశమంతటా ఆయన పేరు మీద హాళ్లు కట్టిండ్రు. చండీగఢ్‌ల ఠాగూర్ థియేటర్, బెంగళూరుల రవీంద్ర కళాక్షేత్ర అట్ల వచ్చినవే. కొత్త దేశం తనకు ఒక రంగస్థలం ఉండాలని అనుకున్నది. మంచిదే. ఆ హాళ్లల్ల మన కవులు పాడిండ్రు, మన సభలు జరిగినయి, అదీ నిజమే. కాని 1961 నాటి కొలతే 2024 దాక నడవాల్నా? అరవై మూడేండ్లల్ల మైకులు మారినయి, లైట్లు మారినయి, కుర్చీలు మెత్తబడ్డయి. ఎవరి ఆటకు హాలు కడుతున్నం అనే లెక్క మాత్రం మారలేదు. మనం ఎక్కడున్నం? గేటు దగ్గర. మంత్రి కారు దిగినప్పుడు డప్పులు. మంత్రి లోపలికి పోంగనే డప్పులు బంద్. స్వాగతం పలికినోడు బయట, స్వాగతం అందుకున్నోడు లోపల. ఊరిల పెండ్లి ఊరేగింపు ముందు నడిచి, విందు కాడ దూరంగ కూసున్న ఆనాటి రోజులకు దీనికి తేడా ఎంత?

ఒక్క సీటు ఖరీదు

కొంతమంది చదువుకున్న మిత్రులే నన్ను అడుగుతరు. “ఊరిల భూమి లేదు, కూలి లేదు, పిల్లలకు హాస్టల్ లేదు. మీరు థియేటర్ గురించి రాస్తరా?” అని. వాళ్లకు నా జవాబు ఒక్క ఊరి పేరు. చుండూరు.

1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరుల గొడవ ఎక్కడ రాజుకున్నది? సినిమా హాలుల. డిగ్రీ చదివిన దళిత యువకుని కాలు పక్క సీటుల అగ్రకులపోనికి తగిలిందట. అంతే. దాని వెంబడి దెబ్బలు, దాని వెంబడి సాంఘిక బహిష్కరణ, కూలి బంద్. చివరికి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపిండ్రు. గోనె సంచులల్ల కుక్కి కాలువల వేసిండ్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఆ సినిమా హాలుల టికెట్ ఇద్దరిదీ ఒక్కటే. సీటు వరుస ఒక్కటే. టికెట్ కొన్న మనిషి ఎక్కడన్న కూసోవచ్చు అని సినిమా హాలు చెప్పింది. కూసోవద్దు అని ఊరు చెప్పింది. ఆ రెండింటి నడుమ ఎనిమిది ప్రాణాలు పోయినయి. థియేటర్ చిన్న సంగతి అనేటోళ్లు ఈ ఒక్కటి యాది పెట్టుకోవాలె.

అంబేద్కర్‌కు ఇది తెలుసు. అందుకే రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు చదువండ్రి. అంగళ్లు, హోటళ్లతోటి పాటు ప్రజా వినోద స్థలాలను కూడా పేరు పెట్టి చెప్పింది. కులం పేరుతోటి ఎవరినీ ఆపవద్దని. అదే క్లాజుల బావులు, చెరువులు, రోడ్లు, ప్రభుత్వ సొమ్ముతోటి నడిచే ప్రజా స్థలాలు కూడా ఉన్నయి. అంటే చెరువు నీళ్లు, నాటకశాల రెండూ ఒక్కచోటనే. 1927లో మహాడ్ చెరువుల దోసిలి ముంచిన మనిషికి నాటకశాల కుర్చీ ఎందుకు ముఖ్యమో తెలుసు. ఆ తర్వాత 1955 అంటరానితనం నేరాల చట్టంల ఇది శిక్ష పడే నేరం అయింది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణల కూడా ప్రజా వినోద స్థలంలకు రానీయకుండ అడ్డుకునుడు నేరమని రాసిండ్రు.

చట్టం తలుపు తెరిచింది. ఇయ్యాల ఏ హాలు గేటు మీదా ‘మీరు రావద్దు’ అని బోర్డు ఉండదు. కాని బోర్డు లేకుండ ఆపే పద్ధతులు బోలెడు. రోజు కిరాయి, డిపాజిట్, లెటర్‌హెడ్ మీద దరఖాస్తు, రిజిస్టర్డ్ సంస్థ సర్టిఫికెట్, కల్చరల్ కమిటీల తెలిసిన మనిషి. రాత్రి బస్సు లేని ఊరి నుంచి వచ్చిన చిందు మేళానికి ఇవన్నీ ఎక్కడియి?

ఎవరు ప్రారంభించాలె?

ఒక దూరదేశపు ముచ్చట చెప్తా. ఆస్ట్రేలియా సిడ్నీల సముద్రం ఒడ్డున ఒక పెద్ద నాటకశాల ఉన్నది. తెల్లటి తెరచాపలోలె కనబడే కప్పులు. క్యాలెండర్ల మీద చూసే ఉంటరు. దాన్ని గీసింది డెన్మార్క్ మనిషి యోర్న్ ఉట్సన్. సర్కారుతోటి పేచీ వచ్చి 1966లో ఆయన పని వదిలి పోవాల్సి వచ్చింది. 1973 అక్టోబర్ 20న ఇంగ్లాండ్ రాణి ఎలిజబెత్ వచ్చి ప్రారంభించింది. గీసిన మనిషి ఆ రోజు అక్కడ లేడు.

కాని అసలు ప్రారంభం అంతకు 13 ఏండ్ల ముందే అయింది. 1960 నవంబర్ 9న పాల్ రోబ్సన్ అనే నల్లజాతి గాయకుడు అక్కడికి పోయిండు. ఆయన తండ్రి బానిసగ పుట్టి, తప్పించుకొని పారిపోయిన మనిషి. హక్కుల కోసం మాట్లాడినందుకు అమెరికా సర్కారు రోబ్సన్ పాస్‌పోర్ట్‌ను 1950 నుంచి 1958 దాక గుంజుకున్నది. ఆ మనిషి, ఇంకా గోడలు లేని ఆ కట్టడంల, ఇనుప కడ్డీల నడుమ, పనిచేసే కూలీల ముందు నిలబడి పాడిండు. కూలీలు సారువ ఎక్కి కూసొని విన్నరు. అట్ల ఆ నాటకశాల పుట్టిన నేల మీద మొదటి పాట రాణికి కాదు, రాళ్లెత్తిన కూలీలకు అందింది.

మన దగ్గర పెద్ద భవనాలు ఎవరు కడతరు? పాలమూరు కూలి పేరు తెలియని కట్టడం హైదరాబాద్‌ల ఉన్నదా? రాయి మోసినోడు, సిమెంటు కలిపినామె, చెట్టుకు ఊయల కట్టి బిడ్డను పండవెట్టిన తల్లి, వీళ్లల్ల ఎంతమంది ప్రారంభం నాడు కుర్చీల కూసున్నరు? శిలాఫలకం మీద మంత్రి పేరు ఉంటది, ఎమ్మెల్యే పేరు ఉంటది, కాంట్రాక్టర్‌ది కూడా ఒక్కోసారి ఉంటది. కూలీ పేరు ఏ రాయి మీద ఉన్నది?

ఇంకో సంగతి. నాగర్‌కర్నూల్ దిక్కు దర్శనం మొగిలయ్య, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనే హైదరాబాద్ పక్కన కట్టడం కాడ కూలి పని చేస్తున్నట్టు పేపర్లన్నీ రాసినయి. అంటే చూడండ్రి, ఒక కళాకారుడు వేదిక ఎక్కాల్సిన చోట సిమెంటు మోసిండు. సన్మానం ఒక్క పూట. శాలువ ఒక్క పూట. మిగిలిన రోజులు ఏంది? హాలు ఉండి, ఆ హాలుల నెలకు ఇన్ని ఆటలని ఉండి, ఆటకు ఇంత పైసలని ఉంటే ఆయనకు ఆ కట్టడం కాడ ఏం పని?

మనలో మనకు ఉన్న వాదన

మన ఉద్యమంలనే ఒక మాట ఉన్నది, దాన్ని దాచిపెట్టొద్దు. “డప్పు బానిసత్వానికి గుర్తు. చావుకు కొట్టించిండ్రు, దండోరాకు కొట్టించిండ్రు, వెట్టికి కొట్టించిండ్రు. దాన్ని పారేయాలె గాని హాలుల పెట్టుడేంది?” అని. ఈ మాట అనే అన్నలను నేను తప్పు పట్టను. అంబేద్కర్ చచ్చిన పశువును మోయొద్దు అన్నడు. డప్పు వదిలి పలక పట్టిన ఇండ్ల నుంచే నేను వచ్చిన.

కాని వెట్టికి కొట్టుడు వేరు, మన ఇష్టంతోటి కొట్టుడు వేరు. 1994లో మాదిగ దండోరా లేచినప్పుడు అదే డప్పు జెండా అయింది. ఎవరో పిలిస్తే పోయి కొట్టిన డప్పు, మనం పిలిస్తే జనాన్ని కదిలించింది. డప్పుల బానిసత్వం లేదు. ‘రా, కొట్టు, పో’ అనే పిలుపుల ఉన్నది. గేటు కాడ కొట్టి పొమ్మనేది ఆ పాత పిలుపే. అందుకే నేను అడిగేది డప్పు దయతలచి వాయించనీయుండ్రని కాదు. కొట్టాల్నా వద్దా, ఎక్కడ కొట్టాలె, ఎంతసేపు కొట్టాలె, ఎంత తీసుకోవాలె అనేది కొట్టేటోడు చెప్పాలె.

ఇంకొందరు అంటరు, “మనకు వీధి ఉన్నది, హాలు ఎందుకు?” అని. వీధి మనదే, ఎవడూ గుంజుకోలేడు. కాని హాలు ఎవరి పైసలతోటి కట్టిండ్రు? అగ్గిపెట్టె మీద పన్ను, సబ్బు మీద పన్ను, బస్సు టికెట్ మీద పన్ను కట్టినోళ్ల పైసలతోటి. వాటా ఉన్న ఆస్తిని వదిలేసి వీధి చాలు అనుకుంటే, అది త్యాగం కాదు, అమాయకత్వం.

మనం అడగాల్సినయి

అందుకని నేను కొన్ని కోర్కెలు రాస్తున్న. మీ సంఘంల పెట్టి చర్చ చేయండ్రి, చేర్చండ్రి, దిద్దండ్రి.

ఒకటి. ప్రజల సొమ్ముతోటి కట్టిన ప్రతి కళాభవనం ఆవరణల డప్పులు కాపుకునే పొయ్యి జాగ ఉండాలె. కప్పు లేకుండ, ఇసుకతోటి, నీళ్లతోటి, భద్రంగ.

రెండు. ఆవరణల నేల మట్టానికి ఒక ఆరుబయలు రంగం ఉండాలె. చుట్టూ జనం కూసునేటట్టు. చిందు, ఒగ్గు, జాంబ పురాణం రాత్రంతా ఆడేటట్టు.

మూడు. నెలకు కొన్ని రోజులు కిరాయి లేకుండ కులకళల మేళాలకు కేటాయించాలె. ఆటకు కూలి కట్టియ్యాలె. శాలువలు కాదు, పైసలు. ఊరికి తిరిగిపోయే బండి కూడా.

నాలుగు. కళాభవనం నడిపే కమిటీల చిందోళ్లు, డక్కలోళ్లు, డప్పు కళాకారులు, ఆడోళ్లు సభ్యులుగ ఉండాలె. సలహాదారులుగ కాదు, సంతకం పెట్టేటోళ్లుగ.

ఐదు. హాలు ఊడ్చేటోళ్లకు, మరుగుదొడ్లు కడిగేటోళ్లకు చట్టం చెప్పిన జీతం ఇవ్వాలె. ప్రతి పెద్ద ఆటకు వాళ్ల ఇంటిల్లిపాదికి ముందు వరుసల సీట్లు ఉండాలె.

ఆరు. కొత్త హాలు ప్లాను గీసేటప్పుడే మనల్ని పిలువాలె. గోడలు లేచినంక అడిగితే ‘ఇప్పుడు కాదు’ అంటరు.

ఇవన్నీ ఊరికే అడిగితే వస్తయా? రావు. ఒక పని మాత్రం ఏ ఊరోడైనా రేపే చేయవచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, పది రూపాయల ఫీజు కట్టి, మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కళాభవనం గురించి అడగండ్రి. పోయిన యేడాదిల ఎన్ని రోజులు ఎవరెవరికి ఇచ్చిండ్రు? ఎంత కిరాయి తీసుకున్నరు? ఎన్ని రోజులు జానపద మేళాలకు ఇచ్చిండ్రు? వాళ్లకు ఎంత కట్టిచ్చిండ్రు? కమిటీల ఎవరున్నరు? 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. ఆ జవాబు కాగితం చేతిల పట్టుకొని పోయి మాట్లాడితే అది కొట్లాట కాదు, లెక్క. రాసేది రాకుంటే మీ ఊరి బడి పంతులును అడగండ్రి. ఏ పంతులయినా కాదంటే నాకు చెప్పండ్రి.

పెద్దబాపు ఇప్పుడు కూడా ఉన్నడు. చేతులు వణుకుతున్నయి గాని సిర్ర పట్టితే వణుకు ఆగుతది. ఆ రోజు తర్వాత చానా దినాలు నాతోటి సరిగ మాట్లాడలేదు. మొన్న నేనే పోయి, “పెద్దబాపూ, ఆరోజు నేను తప్పు మాట్లాడిన” అన్న. ఆయన కొంచెంసేపు ఊకున్నడు. “హన్మకొండల కొత్తది కట్టిండ్రట కదా బిడ్డా, ఎట్లున్నది?” అని అడిగిండు. సారూ అనలేదు, బిడ్డా అన్నడు. “మంచిగున్నదట” అన్న. “మంట పెట్టుకోనిస్తరా?” అన్నడు.

ఆ ప్రశ్నకు జవాబు నేను ఒక్కన్ని చెప్పలేను. మనందరం పోయి చెప్పించాలె. వేదిక మీద దీపం ముట్టించిన చేతులే హాలు వెనుక డప్పుకు మంట పెట్టిన నాడు, అది కళాక్షేత్రం. అప్పటిదాక అది కళాక్షేత్రమని బోర్డు ఉన్న భవనం.

జై భీమ్!